పన్నెండు, పదమూడు అంగుళాల సెకండ్ హ్యాండ్ బిజినెస్ లాప్‌టాప్ కొనొచ్చా? సిరొంచ తమ్ముడికి బల్లార్షా నుంచి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇదీ. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నావు. వారానికి రెండు రోజులు ఊళ్ల మీద తిరిగి ఫారాలు నింపాలి, వేలిముద్రలు తీసుకోవాలి. లాల్ పరీ (ఎర్ర ఎస్టీ) బస్సులో ఒళ్లో పెట్టుకునేంత చిన్న లాప్‌టాప్ కావాలి. నాగ్‌పూర్‌లో ఒకాయన రెండు పాతవి చూపించాడు: లెనోవో కంపెనీ థింక్‌ప్యాడ్ ఎక్స్270 పదమూడు వేలు, ఎక్స్280 ఎనిమిది జీబీ ర్యామ్‌తో పదిహేడు వేలు. ఇవి వద్దనుకుంటే షోరూంలో ముప్పై రెండు వేలకు కొత్తది. మూడింట్లో ఏది?

నన్నడిగితే మూడూ వద్దు. ఆగు, తిట్టుకోకు, ఏది తీసుకోవాలో కూడా చెప్తా. పదిహేనేళ్లుగా బల్లార్షాలో ఇదే పని చేస్తున్నా. గిరాకీల్లో సగం మంది గనుల వాళ్లు, మిగతా వాళ్లు ఎల్‌ఐసీ ఏజెంట్లు, వకీళ్లు, సేతు కేంద్రాల (సర్కారు సేవల సెంటర్ల) పిల్లలు. నా సొంతానికి కూడా ఇన్నేళ్లలో ఒక్క కొత్త లాప్‌టాప్ కొనలేదు, అన్నీ ఆఫీసుల నుంచి దిగినవే.

అవి ఎలా దిగుతాయో తెలిస్తే బేరం సులువవుతుంది. పెద్ద కంపెనీలు లాప్‌టాప్‌లు మూడు నాలుగేళ్లకు లీజుకు తీసుకుంటాయి, గడువు అయిపోగానే వందల లెక్కన ఒకేసారి తిరిగి ఇచ్చేస్తాయి. వాటిని లాట్లుగా కొన్న వ్యాపారి తుడిచి, ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అని చీటీ అంటించి అమ్ముతాడు. ఆ గ్రేడ్ పైన గీతలు ఉన్నాయా లేదా అన్న సంగతే చెప్తుంది, లోపల బ్యాటరీ ఎంత అరిగిందో, బోర్డు మీద ఎవరు చెయ్యి పెట్టారో చెప్పదు. పెళ్లిచూపులకు పౌడర్ రాసినట్టు. మంచి సంగతేంటంటే కొత్తగా ఉన్నప్పుడు అవి డెబ్బై, ఎనభై వేలు, లక్ష పలికిన సరుకు, అంచేత హింజ్, కీబోర్డ్, పైమూత గట్టివి. షోరూంలో ముప్పై వేలకు దొరికే దాంట్లో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్ గుంటల్లో కూర్చుంటాయి. రెండేళ్లు తెరిచి మూస్తే ఆ గుంట పగిలి, మూత ఎత్తినప్పుడల్లా కింద బాడీ నోరు తెరుస్తుంది. అలాంటివి వారానికి ఒకటైనా నా బల్ల మీదికి వస్తాయి. పైగా ఆ ధరలో ఎక్కువ భాగం పదిహేనున్నర అంగుళాలవే, దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుంటే పక్కవాడి మోచెయ్యికి తగులుతుంది. కొత్తదానికి ఏడాది వారంటీ ఉంటుంది, బ్యాటరీ తాజాగా ఉంటుంది, కాదనను. ఇల్లు కదలని వాళ్లకు అదే మేలు. నీకు కాదు.

ఇక ఎక్స్270. మెషీన్‌గా నాకు చాలా ఇష్టం, 2017ది. లోపల ఒక చిన్న బ్యాటరీ, వెనక ఒకటి పెట్టి తీసేది. వెనకది అయిపోతే లాప్‌టాప్ ఆపకుండానే తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు, లోపలిది అప్పటిదాకా మోస్తుంది. లావు బ్యాటరీ పెడితే వెనక భాగం కాస్త లేచి నిలబడుతుంది, చూడ్డానికి బాగుండదు కానీ కింద గాలి ఆడుతుంది. మామూలు చార్జర్ పిన్నుకు సాకెట్ ఉంది, టైప్ సీ కూడా ఉంది. ర్యామ్‌కి స్లాట్ ఒక్కటే అయినా మార్చుకోవచ్చు. మరి ఎందుకు వద్దంటున్నానంటే, అందులో ఉండేది ఇంటెల్ ఆరో తరమో, ఏడో తరమో ప్రాసెసర్. విండోస్ 11 అధికారికంగా అడిగేది ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కిస్తారు, నేనూ ఎక్కించాను, నడుస్తుంది. కానీ ఇంట్లో సినిమాలు చూసుకునే వాడికి అది సరే. నువ్వు జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు రోజూ ముట్టుకునేవాడివి, రేపు అప్‌డేట్ రాక ఏదో తగులుకుంటే ఊళ్లో ఎవరికి జవాబు చెప్తావు? లినక్స్ వేసుకోమని ఎవరైనా అంటారు. నీ వేలిముద్రల మెషీన్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్లు ముందు విండోస్‌నే చూసుకుని తయారవుతాయి, ఆ తలనొప్పి నీకెందుకు.

ఎక్స్280 2018ది. ఇక్కడ కంపెనీ సన్నం చెయ్యడానికి కత్తి పట్టింది. వెనక బ్యాటరీ పోయింది, లోపల 48 వాట్ అవర్ల బ్యాటరీ ఒక్కటే. ర్యామ్ బోర్డుకే అతికించేశారు, ఎనిమిది జీబీతో కొంటే చచ్చేదాకా ఎనిమిదే. పెద్ద నెట్ కేబుల్ సాకెట్ తీసేశారు, దానికి వేరే చిన్న తోక కొనుక్కోవాలి. పాత యూఎస్‌బీ పోర్టులు మాత్రం రెండున్నాయి, నీ వేలిముద్రల మెషీన్‌కి ఒకటి, ప్రింటర్‌కి ఒకటి సరిపోతాయి. బరువు కిలో మీద కొంచెం, ప్రాసెసర్‌లో కోర్లు రెండు పోయి నాలుగయ్యాయి, పని చేస్తుంటే తేడా తెలుస్తుంది. అసలు చిక్కు చార్జింగ్ దగ్గర. టైప్ సీ తప్ప వేరే దారి లేదు, ఆ పోర్టు నేరుగా బోర్డు మీద కూర్చుని ఉంటుంది. బస్సులో వైరు లాగుతూ, గుంజుతూ వాడితే అది ఊగుతుంది. ఊగిందంటే వైరు మార్చి సరిపెట్టుకునే పని కాదు, బోర్డు మీద టంకం పని. బల్లార్షాలో ఆ పని నేను చెయ్యగలను, సిరొంచలో ఎవరు చేస్తారు? దానికి తోడు ఆ కాలపు థింక్‌ప్యాడ్‌లు కొన్నింట్లో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (టైప్ సీ పోర్టును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల టైప్ సీ పోర్టు పని చెయ్యకుండా పోవచ్చని కంపెనీయే చెప్పి అప్‌డేట్ ఇచ్చింది. ఎక్స్280 తీసుకునేవాళ్లు మొదటి రోజే ఆ అప్‌డేట్ వేసుకోవాలి. పదహారు జీబీది దొరికి, పోర్టు గట్టిగా ఉంటే ఎక్స్280 చెడ్డదేం కాదు. నీకు చూపించింది ఎనిమిది జీబీది, అందుకే వద్దన్నాను. క్రోమ్‌లో పది ట్యాబులు, ఒక పీడీఎఫ్, ఒక స్కానర్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడు, ఎనిమిది జీబీ ఎక్కడికి పోయిందో నీకే తెలుస్తుంది.

మరి ఏది అంటే, అదే నాగ్‌పూర్ ఆయన దగ్గర హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5 కానీ, డెల్ లాటిట్యూడ్ 7290 కానీ ఉన్నాయేమో అడుగు. రెండూ ఎక్కువగా ఎనిమిదో తరంవే, కొన్ని ఏడో తరంవి కూడా ఉంటాయి, చూసుకో, కిలో పావుకు అటూ ఇటూ బరువు. రెండింటికీ గుండ్రని పిన్ను చార్జర్ పడుతుంది, టైప్ సీతో కూడా చార్జ్ చేసుకోవచ్చు. అంటే ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉంటుంది. బయట తిరిగేవాడికి నేను మొదట చూసేది ఇదే. ర్యామ్ మార్చుకోవచ్చు, 830లో స్లాట్లు రెండు, 7290లో ఒకటి. నెట్ కేబుల్ సాకెట్ రెండింట్లోనూ ఉంది. 830 పదమూడు అంగుళాల పైచిలుకు, 7290 పన్నెండున్నర. నీ పనికి నా ఓటు 830కే, అయితే దాంట్లో ఒక మెలిక ఉంది. కొన్నింటికి పక్కవాడు చూడకుండా తెర మసకబారే ప్యానెల్ వేసి ఇచ్చారు, ఎఫ్2 మీట మీద దాని గుర్తు ఉంటుంది. బ్యాంకు ఆఫీసర్లకు అది సుఖమే కానీ ఆ తెర మామూలుగానే కాస్త పాలిపోయినట్టు కనబడుతుంది, పక్కన కూర్చున్న ముసలమ్మకు ఆమె ఫారం చూపించి "పేరు సరిగ్గా ఉందా అమ్మా" అని అడగడం నీ పనిలో సగం. ఆమెకు నల్లగా కనబడితే ఏం లాభం? ఆ గుర్తు లేనిది ఏరుకో.

తెర మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ఈ సైజు లాప్‌టాప్‌లలో చవక తెర ఒకటుంటుంది, 1366 బై 768ది. ఇంగ్లిష్ చదివేవాడికి పర్వాలేదనిపిస్తుంది. మన తెలుగు ఒత్తులు, మరాఠీ జోడాక్షరాలు దాంట్లో చుక్కలై పోతాయి, ఏది ‘ఘ’నో, ఏది ‘ఝ’నో పోల్చుకోలేక పేర్లు తప్పు పడతాయి. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఆ మనిషి ఎన్నిసార్లు తిరగాలో నీకు నేను చెప్పాలా. 1920 బై 1080 ఉన్నదే తీసుకో, అక్షరాలు మరీ చిన్నవనిపిస్తే సైజు 125కో, 150కో పెంచుకో. దుకాణంలో పరీక్ష సులువు, మూత కొంచెం వెనక్కి వంచి పైనుంచి, కిందినుంచి చూడు. రంగులు ఫొటో నెగెటివ్‌లా తిరగబడితే అది చవక ప్యానెల్.

కొనేటప్పుడు ఏం చూడాలన్నది అసలు కథ. రెండేళ్ల కింద రాజురా వకీలు ఒకాయన నా మాట వినకుండా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాడు. చూడ్డానికి అద్దంలా ఉంది. ఆయన టైప్ చేస్తుంటే పిటిషన్‌లో వై కొట్టినచోట జెడ్ పడుతోంది, జెడ్ కొట్టినచోట వై. వైరస్ అనుకుని రెండు రోజులు తల పట్టుకున్నాడట. నేను గోరుతో మీట మీద స్టిక్కర్ లేపి చూశాను, కింద జర్మన్ అక్షరాలు. యూరప్ నుంచి దిగిన లాట్ అది, పైన మన ఇంగ్లిష్ స్టిక్కర్లు అంటించి అమ్మారు. సెట్టింగ్ మారిస్తే అక్షరాలు సరి అయ్యాయి కానీ ఎంటర్ మీట వంకర ఆకారం మారదు కదా, ఎడమ షిఫ్ట్ పక్కన ఒక మీట ఎక్కువ కూడా ఉంటుంది. పదేళ్ల అలవాటు ఉన్న చెయ్యి, ఇప్పటికీ ఆయన తిట్టుకుంటూనే వాడుతున్నాడు. ఎంటర్ మీట ఒకే వరుసలో అడ్డంగా ఉందా, రెండు వరుసలు పట్టి నిలువుగా ఉందా చూడు. అడ్డంగా ఉన్నదే మనకు అలవాటైనది.

బ్యాటరీ గురించి అమ్మేవాడు "మూడు గంటలు గ్యారంటీ" అంటాడు. వినకు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు. ఒక పేజీ తయారవుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టింది), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని రెండు అంకెలుంటాయి. మొదటిది 48 వేలు ఉండి రెండోది 40 వేలుంటే బేషుగ్గా ఉన్నట్టు. 30 వేల కిందికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమను. రెండూ ఒక్క అంకె తేడా లేకుండా సమానంగా ఉండి సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు చార్జ్ అయిందో) దగ్గర సున్నానో, గీతో ఉంటే సంబరపడకు, నకిలీ బ్యాటరీలు కొన్ని అలాగే చెప్తాయి. ఒక గంట అక్కడే కూర్చుని వీడియో నడిపించి ఎంత శాతం దిగిందో చూడు, చాయ్ తాగే టైమే కదా.

తాళం సంగతి అంతకంటే ముఖ్యం, దీంట్లో నేనే మోసపోయాను. ఐదారేళ్ల కింద ఒక లాట్‌లోంచి నాలుగు తెచ్చుకున్నాను, ఎవరి దగ్గరన్నది ఇప్పుడెందుకు. మూడు బాగున్నాయి. నాలుగోది దుకాణంలో చక్కగా తెరుచుకుంది, ఇంటికొచ్చి విండోస్ కొత్తగా వేసి వైఫై కలపగానే తెర మీద ఏదో పరదేశం కంపెనీ పేరు వచ్చి, మీ ఆఫీసు ఐడీతో లోపలికి రండి అంది. ఆ కంపెనీ తన లిస్టులోంచి తీసేయకుండా అమ్మేసిందన్నమాట, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నెట్ తగలగానే అదే పేరు. అందుకని దుకాణంలోనే, నీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, విండోస్ మొదటినుంచి సెటప్ చేయించుకో. అరగంట పడుతుంది, అమ్మేవాడు గొణుగుతాడు, గొణగనీ. తర్వాత ఆన్ చేస్తూనే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ) వెళ్లు. థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, హెచ్‌పీకి ఎఫ్10, డెల్‌కి ఎఫ్2. అక్కడ పాస్‌వర్డ్ అడిగిందా, మెషీన్ మూసి బయటికొచ్చెయ్. పాత డెస్క్‌టాప్‌లలో లాగా చిన్న సెల్ పీకి పెడితే పోయే పాస్‌వర్డ్ కాదది. సెక్యూరిటీ పేజీలో కంప్యూట్రేస్ అనో, అబ్సల్యూట్ అనో ఒక లైను ఉంటుంది. అది యాక్టివ్ అనో, యాక్టివేటెడ్ అనో ఉంటే దొంగతనం పట్టుకునే తాళం ఇంకా పాత యజమాని చేతిలోనే ఉన్నట్టు. వద్దు.

సిమ్ స్లాట్ చూసి మురిసిపోకు. సన్నటి ట్రే బయటికి వస్తుంది కానీ లోపల మోడెం కార్డు చాలాసార్లు ఉండదు, యాంటెన్నా తీగలు కూడా చాలావాటికి వెయ్యలేదు. ఫోన్ హాట్‌స్పాట్ చాలు.

మిలిటరీ స్టాండర్డ్ పాసైంది, ఏమీ కాదు అని కూడా అంటాడు. 810జీ అని ఒక పరీక్షల వరుస ఉంది నిజమే, కంపెనీ కొన్ని నమూనాలను దుమ్ము, వేడి, దడ అన్నీ పెట్టి చూస్తుంది. ఆరేళ్లు వాడి, మూడు చేతులు మారి నీ దగ్గరికొచ్చిన ముక్కకు అది పూచీ కాదు. అల్లాపల్లి, సిరొంచ రోడ్డు గుంతలు ఏ పరీక్షలోనూ పెట్టరు.

ఇక మన దిక్కు ఎండ. ఈ లాప్‌టాప్‌ల కాగితాల్లో చూడు, చాలావాటికి 35 డిగ్రీల దాకా గది వేడిలో వాడమని రాసి ఉంటుంది. మన చంద్రపూర్ జిల్లాలో మేలో బయట 46, 47. రేకుల షెడ్డు లోపల ఫ్యాన్ తిరిగితే వేడిగాలే వస్తుంది. అలాంటప్పుడు ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, "అన్నా, లాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది" అని మే నెలలో వచ్చేవాళ్లలో చాలామందికి నేను చేసేది లోపల శుభ్రం చేసి ఇవ్వడమే. సాస్తి, రాజురా వైపు గనుల దగ్గరి ఇళ్ల నుంచి వచ్చినవి విప్పితే ఫ్యాన్ పక్కన రాగి రేకుల మీద బొగ్గుపొడి, నూలు కలిసి నల్లటి కంబళి ముక్కలా పేరుకుని ఉంటుంది, పట్టకారుతో పట్టి లాగితే అట్టలా మొత్తం ఊడి వస్తుంది. సిరొంచలో బొగ్గు లేదు, గోదావరి ఇసుక ఉంది, అది ఇంకా గరుకు. ఏడాదికోసారి, హోలీ అయ్యాక, ఎండలు ముదరకముందు విప్పించి దులిపించుకో, ప్రాసెసర్ మీద పేస్ట్ కొత్తది పెట్టించుకో. నువ్వే చేస్తానంటే ముందు లోపలి బ్యాటరీ కనెక్టర్ తియ్యి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను ఒక అగ్గిపుల్లతో ఆపి పట్టుకో. గాలికి అది పిచ్చిగా తిరిగితే బేరింగ్ పోతుంది.

వేడికి ముందు చచ్చేది బ్యాటరీ. అది కూడా నూరు శాతం నింపి, చార్జర్ తగిలించి, వేడిగదిలో రోజంతా ఉంచితే ఇంకా తొందరగా పోతుంది. నాదే ఒకదానికి టచ్‌ప్యాడ్ నొక్కితే టిక్కుమనడం మానేసింది. దుమ్ము అనుకుని కార్డు ముక్క పెట్టి అంచులు గీకాను, ఇంకొంచెం గట్టిగా నొక్కాను, వారం తర్వాత బల్ల మీద పెడితే లాప్‌టాప్ నాలుగు కాళ్లమీద నిలబడకుండా ఊగింది. విప్పి చూస్తే లోపల బ్యాటరీ అప్పడంలా పొంగి, టచ్‌ప్యాడ్‌ని కిందనుంచి పైకి తోస్తోంది. రిపేరు చేసేవాడిని నాకే తట్టలేదు, పైగా వారం రోజులు దాని మీద బలంగా నొక్కుతూ కూర్చున్నాను. ఆ రోజు చెమటలు పట్టాయి. టచ్‌ప్యాడ్ నొక్కుడు బిగుసుకున్నా, కీబోర్డ్ మధ్యలో ఉబ్బినా వెంటనే ఆపేసి విప్పించు. పొంగినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో అసలే వెయ్యొద్దు. అలా కాకుండా ఉండాలంటే చార్జ్ 80 దగ్గర ఆగేలా పెట్టుకో. డెల్, థింక్‌ప్యాడ్‌లలో అంకె మనమే పెట్టుకోవచ్చు, హెచ్‌పీలో బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్ అని ఉంటుంది. ఊళ్ల మీదికి వెళ్లే ముందు రోజు రాత్రి మాత్రం తీసేసి నిండా పెట్టుకో.

చార్జర్ దగ్గర ఒక మాట. ఫోన్‌తో వచ్చిన 80 వాట్లది, 120 వాట్లది ఉంది కదా, టైప్ సీ కదా అని తగిలిస్తారు, లాప్‌టాప్ ఎక్కదు, లేదా నత్తలా ఎక్కుతుంది. ఆ వాట్లు ఆ ఫోన్ కంపెనీ సొంత పద్ధతిలోవి, లాప్‌టాప్ అడిగేది పవర్ డెలివరీ పద్ధతిలో 20 వోల్టులు. చార్జర్ మీద సన్న అక్షరాల్లో పీడీ అని, 20 వోల్టులు, 3.25 యాంపియర్లు అని ఉంటే అది 65 వాట్లది, అది సరిపోతుంది.

ధర విషయం. ఎనిమిది జీబీ ఎక్స్280కి పదిహేడు వేలు అంటే నా లెక్కలో ఎక్కువే. 830 జీ5 ఆ ధరకు అటూ ఇటూగా ఇస్తే, ర్యామ్ ఎనిమిదే ఉన్నా సరే తీసుకో, రెండో స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూసుకో, తర్వాత ఇంకో ఎనిమిది పెట్టుకోవచ్చు. బిల్లు అడుగు, కనీసం నెల రోజులు మార్చి ఇచ్చే మాట ఆ బిల్లు మీదే రాయించుకో, నోటిమాట వద్దు. నాగ్‌పూర్ వెళ్లి రావడానికి ఒక రోజు పోతుంది నిజమే, అయినా ఫొటోలు చూసి డబ్బు పంపకు. ప్రాణహిత దాటి మంచిర్యాలలో అడిగి చూడటం నీకు దగ్గరేమో, అక్కడ దొరికితే ఇంకా నయం, తేడా వస్తే మళ్లీ వెళ్లి దుకాణం ముందు నిలబడొచ్చు.

వెళ్లినప్పుడు ఆ బ్యాటరీ రిపోర్ట్, బయోస్ సెక్యూరిటీ పేజీ, కింద అంటించిన మోడల్ చీటీ మూడింటికీ ఫొటోలు తీసి ఇక్కడే పెట్టు, డబ్బు ఇవ్వకముందే చూసి చెప్తా. ఆదివారం మాత్రం దుకాణం బంద్, ఫోన్ కూడా మా చిన్నోడి చేతిలో ఉంటుంది.